బాటకు అప్పాలు, ఇంటికి పాకం

వంటను గూర్చి తెలుగు పంతులు వ్యాసం వ్రాయటమేమిటని చదువరులకు సందేహం కలుగవచ్చును. ఆ సందేహం మొదట మా ఇంట్లోనే కలిగింది. ముప్పది సంవత్సరాలకు దగ్గరగా కళాశాలలో ప్రబంధాలు చెప్పుతున్నవాడిని. వసుచరిత్రలోని శ్లేషను విడదీయమంటే విడదీయగలను గాని, కడాయిలో నూనె కాగినదో లేదో చెప్పమంటే మొన్నటి దాకా చెప్పలేకపోయేవాడిని. అటువంటివాడు పిండి కలిపి, మెలి పెట్టి, వేయించి, పాకం పట్టి, పైగా ఆ సంగతి పదిమందికి చెప్పటానికి పూనుకొన్నాడంటే అందుకు ఒక కారణం ఉండాలి. ఉన్నది.

మా అమ్మాయి అమెరికాలో ఉద్యోగం చేస్తున్నది. ఆదివారం నాడు తీరిక చేసికొని ఫోనులో మాట్లాడుతుంది. ఒకనాడు మాటల మధ్య ఇట్లా అన్నది: "నాన్నా, ఇక్కడ ప్రెట్జెల్ అని ఒకటి అమ్ముతారు. పిండిని తాడులాగా చేసి, రెండు కొసలను మెలిపెట్టి వెనక్కు మడుస్తారు. తియ్యటిది కొంటే పక్కన చిన్న గిన్నెలో పాకం వంటిది ఇస్తారు, ముంచుకొని తినటానికి. మొదటిసారి చూసినప్పుడు నాకు అవ్వ చేసిన మెలికల అప్పాలే గుర్తుకు వచ్చినవి. అవ్వ ఎట్లా చేసేదో చెప్పు, నేను చేసుకొంటాను."

నాకు వెంటనే మాట రాలేదు. మా అమ్మ పోయి పది సంవత్సరాలు దాటింది. ఆమె చేసిన ఆ అప్పాలను నేను నలభై సంవత్సరాలు తిన్నాను. ఎంత పిండికి ఎంత బెల్లమో ఒక్కనాడూ అడుగలేదు.

నడిగడ్డలో ఒక రాత్రి

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల, అలంపురం ప్రాంతాన్ని మా వైపున నడిగడ్డ అంటారు. 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లా నుండి విడివడి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు వేరు జిల్లాలైనవి గాని, పాతవారి నోట అదంతా ఇప్పటికీ పాలమూరే. రెండు పెద్ద నదుల మధ్య పుట్టిన ఊరైనా మా చేను నమ్ముకొన్నది మాత్రం వాననే. వాన తప్పిన ఏడు మా నాయన గుంపు మేస్త్రీ వెంట మట్టిపనికి పోయేవాడు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ త్రవ్వినా అక్కడ పాలమూరు కూలీ చెమట ఉన్నదని ఒక నానుడి ఉన్నది. ఆ చెమటలో మా ఇంటిది కూడా కొంత కలిసి ఉంటుంది.

దీపావళి వెళ్లిన తరువాత గుంపు బయలుదేరేది. బయలుదేరే ముందటి రాత్రి మా అమ్మ నిద్రపోయేది కాదు. గోధుమపిండి ఆ రోజులలో మా ఊరికి పండుగపిండి. దినమూ తినేది జొన్నరొట్టె. ఎక్కడో దాచిన గోధుమపిండిని తీసి, బెల్లపు నీళ్లతో కలిపి, గుడ్డ కప్పి ఉంచేది. తరువాత పీట మీద చిన్న చిన్న తాళ్లుగా తాల్చి, రెండు కొసలను ఒకదానిపై ఒకటి వేసి, మెలిపెట్టి, వెనక్కు మడిచి నూనెలో వదిలేది. పొయ్యి వెలుతురులో ఆమె వేళ్లు కదలటమే తప్ప, ఏది ఏ వేలితో చేసినదో కంటికి అందేది కాదు. అవి ఆరిన తరువాత శుభ్రం చేసిన కిరసనాయిలు డబ్బాలో పెట్టి మూత బిగించేది. వాటిని ఆమె మెలికల అప్పాలు అనేది.

వాటికి జోడు పాకం. బెల్లం కరిగించి, వేయించిన పల్లీల ముద్ద కలిపిన చిక్కని పాకం. పల్లీలను మా ఊళ్లో బుడ్డలంటారు. అయితే ఆ పాకం బయలుదేరే రాత్రి చేసేది కాదు. "నాయనకు పాకం కూడా పెట్టవా అమ్మా?" అని నేనడిగితే, "పాకం బాటకు పనికిరాదు బిడ్డా, అది ఇంటిది" అనేది. నాయన తిరిగి వచ్చిన దినమే పాకం. డబ్బా అడుగున మిగిలిన రెండు మూడు అప్పాలను ఆయన తిరిగి తెచ్చేవాడు. అవి మిగిలినవో, మిగిల్చినవో చాలాకాలం దాకా నాకు తెలియలేదు. వాటిని ఆ పాకంలో ముంచి నా నోటికి అందించేవాడు.

నా ఎనిమిదవ ఏట ఉగాదికి నాయన వస్తానని కబురు పంపినాడు. అమ్మ బెల్లం పాకం పట్టి ఉంచింది. పండుగ వచ్చింది, పోయింది, ఆయన రాలేదు. అక్కడి కంట్రాక్టరు కూలి లెక్క తేల్చక గుంపునంతా నిలిపివేసినాడని తరువాత తెలిసింది. తొమ్మిది దినాలకు ఒక సాయంత్రం ఆయన వాకిట్లో నిలబడినాడు. అమ్మ పరుగున పోయి గిన్నె మూత తీసింది. పాకం పలుకులు కట్టి రాయి వలె ఉన్నది. నేను ఏడుపు మొదలు పెట్టినాను. అమ్మ మాత్రం, "చెడిపోలేదురా, గట్టిపడింది. నీళ్లు పోసి వెచ్చజేస్తే కరుగుతది" అని గిన్నెను పొయ్యి మీద పెట్టి, నిమ్మకాయ బద్ద పిండింది. కొంచెం సేపటికి అది తిరిగి పాకమైనది. అప్పుడు అందులో బుడ్డల ముద్ద కలిపింది. ఆ రాత్రి ఆమె గొంతు మామూలుగానే ఉన్నది గాని, గరిటె పట్టిన చేయి వణకటం నేను చూచినాను.

మా అమ్మాయి అడిగినది ఈ అప్పాల కొలతనే.

చెవి, చేయి, చక్కిలం

పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది? కొలత తెలియనివాడు నిఘంటువు తెరిచినాడు. ప్రెట్జెల్ అనే మాట జర్మను భాషలోని బ్రెట్సెల్ నుండి ఇంగ్లీషుకు వచ్చినది. దాని మూలం లాటిన్‌లో చేయి అనే అర్థమిచ్చే బ్రాకియం. ఎదమీద చేతులు కట్టుకొని నిలుచున్న మనిషి వలె ఆ వంటకం ఉంటుంది గనుక ఆ పేరు. పాఠం చక్కగా అప్పగించిన పిల్లలకు బహుమానంగా ఒక క్రైస్తవ సన్యాసి దానిని మొదట చేసినాడని కథ ఒకటి చెప్పుతారు. అది కథే గాని చరిత్ర కాదు.

మన మాట చూడండి. సంస్కృతంలో శష్కులి అని ఒక పిండివంట ఉన్నది. చుట్టలుగా మడిచి వేయించేది. ఆయుర్వేద గ్రంథాలలో చెవి డొప్పకు కర్ణశష్కులి అని పేరు. చెవిలోని మడతలు, ఆ వంటకపు మడతలు ఒకటే పోలిక. ఈ శష్కులియే మన చక్కిలమైనదని, కన్నడిగుల చక్కులి కూడా అదేనని పలువురు పండితుల అభిప్రాయం. పడమటివారికి పిండి మెలికలో కట్టుకొన్న చేతులు కనిపించినవి. మనవారికి చెవి కనిపించింది. మనిషి తన ఒంటిని చూచి తన తిండికి పేరు పెట్టుకొన్నాడు.

ఇంకొక విశేషం. కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1126 నుండి 1138 వరకు ఏలినవాడు. మన అలంపురం సీమ కూడా ఆ వంశపు ఏలుబడిలోనిదే. ఆయన పేర వెలసిన మానసోల్లాసంలో అన్నభోగమనే భాగమున్నది. ఇడ్డరిక, ధోసక, ఘారిక వంటి వంటకాలను గూర్చి అందులో చదువుతాము. ఘారిక మన గారెకు పూర్వరూపమని చెప్పుతారు. అదే పన్నెండవ శతాబ్దంలో, ఫ్రాన్సు జర్మనీల సరిహద్దునున్న ఆల్సాస్ సీమలో హెరాడ్ అనే సన్యాసిని కూర్చిన హోర్టస్ డెలిసియారం అనే గ్రంథంలో విందు బల్ల మీద ప్రెట్జెల్ బొమ్మ ఉన్నది. ఆ మూలప్రతి 1870లో స్ట్రాస్‌బర్గు ముట్టడిలో కాలిపోయినది. అంతకు ముందే ఎవరో శ్రద్ధగా ఎత్తి వ్రాసికొన్న నకళ్ల వలన ఆ బొమ్మ మనకు దక్కింది.

ఈ సంగతి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కొంతసేపు ఊరకే కూర్చున్నాను. రాణివాసాల వంటకు గ్రంథం ఉన్నది. కాలిపోయిన గ్రంథానికి నకలు ఉన్నది. మా అమ్మ వంటకు నకలేదీ?

మన నడిగడ్డవాడైన సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించినారు. రాజుల యుద్ధాలను పక్కకు పెట్టి, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టినారు, ఏ ఆటలాడినారు అని కావ్యాలలో వెదకి వ్రాసిన పుస్తకమది. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం దానికే వచ్చింది. దానిని నేను తరగతిలో ఎన్నిసార్లు పొగడినానో లెక్కలేదు. పొగడినవాడిని మా వంటింటి గడప దాటి ఒక్క మాట అడుగలేదు.

పాఠం కాదు, పాకం

కనుక వంటింట్లోకి పోయినాను. మా ఇంటావిడ అత్తగారి పక్కన నిలబడి చూచినదే గాని తానుగా చేయలేదు. "అత్తమ్మ నన్ను కొలవనిచ్చేది కాదు. చేతికి తెలుస్తదమ్మా అనేది" అన్నది. అమ్మ కొలతలన్నీ సోల, గిద్దెలలో ఉండేవి. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఈ లెక్క ఇప్పటి పిల్లలకు శ్లేష కంటె కష్టం. అందుచేత తక్కెడ, గ్రాములు పెట్టుకొని మొదలు పెట్టినాము.

మొదటిసారి తీపి బాగుండాలని బెల్లం ఎక్కువ వేసినాను. మెలికలు నూనెలో పడగానే విడిపోయి పొడిపొడి అయినవి. రెండవసారి తొందరపడి నూనె మిక్కిలి కాగనిచ్చినాను. పైన నల్లబడినవి, లోపల పచ్చిపిండి. అప్పుడు మా ఇంటావిడ, "గబగబ చెప్పి గంట కొట్టగానే పోవటానికి ఇది పాఠం కాదండీ, పాకం" అన్నది. మూడవసారి కుదిరింది. కుదిరిన లెక్క ఇది.

గోధుమపిండి పావు కిలో, బొంబాయి రవ్వ రెండు పెద్ద చెంచాలు, బెల్లం 75 గ్రాములు, నెయ్యి రెండు పెద్ద చెంచాలు, నువ్వులు ఒక చెంచా, నాలుగు ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు. బెల్లాన్ని 80 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో కరిగించి వడగట్టాలి. బెల్లంలో ఇసుక ఉంటుంది. పిండిలో రవ్వ, నువ్వులు, ఉప్పు, ఏలకుల పొడి కలిపి, నెయ్యిని కాచి పోసి, చేతులతో బాగా నలపాలి. పిండిని పిడికిట బిగిస్తే ముద్ద కట్టి, వదిలితే రాలిపోవాలి. అప్పుడు చల్లారిన బెల్లపు నీటిని కొంచెం కొంచెంగా పోస్తూ గట్టిగా కలపాలి. చాలకపోతే చెంచాడు నీళ్లు. తడి గుడ్డ కప్పి అరగంట ఉంచాలి.

ఈ అరగంట వృథా కాదు. గోధుమలో గ్లూటెన్ అనే మాంసకృత్తు నీరు తగిలి సాగే గుణం తెచ్చుకొంటుంది. కలపగానే తాల్చబోతే పిండి వెనక్కు లాగుకొంటుంది. విశ్రాంతి ఇస్తే చెప్పిన మాట వింటుంది. జొన్నలో ఈ గుణం లేదు. అందుకే జొన్నపిండిని తట్టి రొట్టె చేయగలము గాని తాడుగా తాల్చి మెలిపెట్టలేము. మా అమ్మ గోధుమపిండిని ఆ ఒక్క రాత్రి కొరకు ఎందుకు దాచేదో నాకు ఇప్పుడు తెలిసింది.

పిండిని ఉసిరికాయంత ఉండలు చేసి, ఒక్కొక్కదానిని పెన్సిలు లావున జానెడు పొడుగు తాడుగా తాల్చాలి. తాడును గుఱ్ఱపు నాడా వలె వంచి, రెండు కొసలను ఒకదానిపై ఒకటి వేసి రెండు మార్లు మెలిపెట్టి, వాటిని వెనక్కు తెచ్చి వంపు మీద ఆనించి, తడివేలితో అదమాలి. కొసలు అతుక్కోకపోతే నూనెలో విడిపోతాయి. ఈ లెక్కకు నలభై దాకా వస్తాయి.

కడాయిలో సగానికి మించకుండా పల్లినూనె పోసి కాచాలి. చిటికెడు పిండి వేస్తే అది అడుగుకు పోయి, చిన్న బుడగలతో నిదానంగా పైకి తేలాలి. వేయగానే తేలి ఎఱ్ఱబడినదంటే నూనె మించి కాగినట్లు. వేడిమి 150 నుండి 160 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య ఉంటే చాలు. నడిమి మంట మీద, ఆరేడు నిమిషాలు, మెల్లగా తిప్పుతూ వేయించాలి. పిల్లలు చేసేటప్పుడు పెద్దలు పక్కన ఉండాలి.

ఎప్పుడు తీయాలో నూనెయే చెప్పుతుంది. పిండిలోని నీరు 100 డిగ్రీల వద్ద ఆవిరై పోతుంటుంది. ఆ ఆవిరే మనకు కనిపించే బుడగలు. బుడగలు తగ్గి, చప్పుడు సన్నగిలినప్పుడు నీరు దాదాపు పోయినట్లు. తీసిన వెంటనే మెత్తగా ఉంటాయని భయపడవద్దు. ఆరిన తరువాతనే కరకరలాడుతాయి. పూర్తిగా ఆరకముందే డబ్బాలో పెడితే మూతకు చెమట పట్టి మెత్తబడతాయి. నీరు లేనిచోట బూజుకు బ్రతుకు లేదు. అందుకే ఈ అప్పాలు రెండు మూడు వారాలు చెడక నిలుస్తాయి. మా నాయన డబ్బా వెనుక ఉన్న శాస్త్రం ఇంతే.

రంగు సంగతి కూడా చెప్పాలి. చక్కెర అణువులు మాంసకృత్తులతో వేడిలో కలిసి గోధుమవన్నెను, కమ్మని వాసనను పుట్టిస్తాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మైలార్డ్ ఈ చర్యను వివరించినందున ఆయన పేరే దానికి పెట్టినారు. జర్మనులు ప్రెట్జెల్‌ను కాల్చే ముందు క్షారజలంలో ముంచుతారు. క్షారం ఆ చర్యను త్వరపెట్టి ముదురు రంగు తెస్తుంది. ఆ క్షారం చేతిని కాల్చేది, ఇంట్లో వాడరాదు. మన అప్పాలకు ఆ పని బెల్లమే చేస్తుంది.

పాకానికి బెల్లం 150 గ్రాములు, నీళ్లు అరగ్లాసు. కరిగించి వడగట్టి తిరిగి పొయ్యి మీద పెట్టాలి. రెండు వేళ్ల మధ్య అంటుకోవాలి గాని తీగ సాగరాదు. తేనె కంటె కొంచెం పలుచగా ఉన్నప్పుడే దింపాలి, చల్లారితే చిక్కబడుతుంది. దింపే ముందు అరచెంచా నిమ్మరసం వేయాలి. పులుపు తగిలితే చక్కెరలో కొంత భాగం గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోయి పాకాన్ని పలుకు కట్టనీయదు. ఆ ఉగాదినాడు మా అమ్మ పిండిన నిమ్మబద్దకు అర్థం నాకు నలభై అయిదు సంవత్సరాల తరువాత తెలిసింది. చివరకు వేయించి పొట్టు తీసి మెత్తగా నూరిన పల్లీలు 50 గ్రాములు, ఒక చెంచా నువ్వుల ముద్ద, చెంచా నెయ్యి, చిటికెడు ఉప్పు కలపాలి. పాలు పోద్దామనుకొనేవారికి ఒక మాట. కాగుతున్న బెల్లంలో పాలు పోస్తే విరుగుతాయి.

ఇంత వ్రాసిన తరువాత ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. జూరాల ఆనకట్ట, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల పథకాలు వచ్చి మన పాలమూరు వలసలు కొంత తగ్గినవి. కాని పూర్తిగా ఆగలేదు. ఇప్పటికీ మీ తరగతిలో తల్లిదండ్రులు పనులకు పోగా అవ్వ దగ్గర పెరుగుతున్న పిల్లలు ఉండవచ్చును. వారిని ఒక పని చేయమని చెప్పండి. అవ్వ చేసే ఒక్క వంటను, ఆమె వాడే మాటలతోనే, ఆమె కొలతను గ్రాములలోకి మార్చి, ఒక పుటలో వ్రాసి తెమ్మనండి. అందులో లెక్కలున్నవి, రసాయనశాస్త్రమున్నది, తెలుగున్నది. అవ్వను అడగటానికి ఆ పిల్లలకు ఇంకా అవకాశమున్నది. నాకు లేకపోయింది.

మూడవసారి చేసిన అప్పాలను మా ఇంటావిడ కొరికి చూచి, "అత్తమ్మ చేసినట్లే ఉన్నవి. కొంచెం గట్టి" అన్నది. ఆ కొంచెం ఏమిటో ఏ తక్కెడా తేల్చలేదు. మా అమ్మాయికి కొలతలన్నీ వ్రాసి పంపినాను. ఆమె చేసి, ఫోటో కూడా పంపింది. మెలిక కుదిరింది, రంగు కుదిరింది. అయినా, "మీరు చేసినవే కొన్ని పంపండి నాన్నా, పాకం కూడా" అన్నది.

నలభై అప్పాలను ఆరబెట్టి, డబ్బాలో సర్ది, మూత బిగించి పార్సెలు కట్టినాము. పాకం పంపలేదు. వచ్చే వేసవికి వస్తానన్నది. బెల్లం తెచ్చి పెట్టినాను.